సూక్ష్మజీవుల పోటీకి నోట్సు

రాయ్‌పూర్‌లో మైక్రోబయాలజీ క్విజ్‌కు సిద్ధమయ్యే విద్యార్థి నోట్సు ఎక్కడ మొదలుపెట్టాలి? ఛత్తీస్‌గఢ్‌ను ఇంకా వదలని కుష్ఠుతోనే.

దాని బాక్టీరియాను 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. అది రెట్టింపు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది; ఈ.కొలైకి అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలే. ప్రయోగశాల గాజుపళ్లెంలో పెరగదు కాబట్టి పరిశోధకులు ఎలుకల పాదాల్లో, ఆర్మడిల్లోల్లో పెంచారు. శరీరంలో చల్లటి చోట్లంటే దానికి ఇష్టం, అందుకే చర్మానికీ పైపై నరాలకీ దెబ్బ. ఇలా కారణాలు కలిపి రాసుకున్న పేజీ గుర్తుంటుంది. వట్టి పేర్ల జాబితా మర్నాటికే చెదిరిపోతుంది.

మందుల పేజీలో తెలుగు పిల్లలు తప్పక రాసుకోవాల్సిన పేరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. పక్కన చిన్న బొమ్మ వేసుకోవాలి: టెట్రాసైక్లిన్లు బాక్టీరియా రైబోజోమ్‌ను పట్టుకుని ప్రోటీన్ల తయారీని ఆపేస్తాయి.