కైఫీయతుల ప్రతులు: లేని ఫోల్డర్లను మాత్రమే చేర్చు విధము

కర్నలు కాలిన్ మెకంజీ (1754–1821) సేకరింపజేసిన గ్రామచరిత్రలు, అనగా కైఫీయతులు, జీర్ణించుచుండగా సి. పి. బ్రౌను (1798–1884) వానికి ప్రతులు వ్రాయించెను. నేడు ప్రతి యనగా తఱచు కంప్యూటరులోని ఛాయాచిత్రములే. తాలూకాకొక ఫోల్డరు, దానిలో గ్రామమున కొక్కటి. ఒక ప్రతి భాండారమునను, వేరొకటి పరిష్కర్తయొద్దను ఉన్నవనుకొందము. భాండారమున క్రొత్తగా చేరిన గ్రామములను పరిష్కర్త ప్రతికి చేర్చుటెట్లు?

లోపము వేఱు, పాఠభేదము వేఱు. ఒక ప్రతిలో గండికోట కైఫీయతే లేనిచో నది లోపము, యథాతథముగ దింపుకొనవచ్చును. రెండింట నుండి భేదించినచో నిర్ణయింపవలసినవాడు పరిష్కర్తయే గాని యంత్రము గాదు.

1996లో వెలువడిన ఆర్‌సింక్ అను సాధనము సాధారణముగ ఫైలు పరిమాణమును, మార్పు జరిగిన కాలమును జూచును. వానిలో నేది భిన్నమైనను పరిష్కర్త దిద్దిన ఫైలుపై మూలములోని పాత ఫైలు వచ్చి కూర్చుండును. 'ఇగ్నోర్ ఎగ్జిస్టింగ్' అను నియమము చేర్చినచో ఉన్న ఫైలు జోలికి పోదు. పలువు రింతటితో తృప్తిపడుదురు. కాని యది ఉన్న ఫోల్డరులోనికిని ప్రవేశించును. పరిష్కర్త తీసివేసిన మసకచిత్రము, పేరు మార్చిన పత్రము పాతపేరుతో మరల వచ్చిచేరును.

కావున ఇరుచోట్ల పేర్ల పట్టికలు తీసి, మూలమున నుండి గమ్యమున లేని ఫోల్డర్లనే పంపవలెను. పట్టిక నే మెట్టున తీయుదుమన్నది ముఖ్యము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను పూర్వపు తాలూకాల మెట్టున జూచినచో మూడును ఇరుచోట్ల గలవు. గండికోట రాకయే పోవును. గ్రామముల మెట్టుననే, తాలూకా పేరుతో గూడ, చూడవలెను. వర్ణక్రమ మింకొక చిక్కు. ప్రొద్దుటూరు, పొద్దుటూరు, పులివెందుల, పులివెందల: యంత్రమునకు నాలుగూళ్లు! కడపసీమవారు నవ్వుకొందురు గాక, ముందుగా పేర్లను ఏకరీతికి దెచ్చుట తప్పదు.

అన్నిటికంటె అపాయకరము సగము వచ్చిన ఫోల్డరు. 40 పుటలలో 17 వచ్చినంతనే విద్యుత్తు పోయినచో పేరు మాత్రము నిలుచును. మరునాడు యంత్రము దానిని 'ఉన్నది' అని విడిచిపెట్టును. అందుచే తాత్కాలికనామముతో దింపి, ఫైళ్ల సంఖ్యను, పరిమాణమును సరిచూచి, పిమ్మటనే అసలు పేరు పెట్టవలెను.

ఇదివరకే సగమై నిలిచినవాని మాట యేమి? ఇరుచోట్ల గల ఫోల్డర్లలోని ఫైళ్ల సంఖ్యలను పోల్చి, తక్కువైనవాని పట్టికను పరిష్కర్తకీయవలెను. లేని పుట తాను తీసివేసినదో, రానేరానిదో ఆయన యొక్కడే చెప్పగలడు.