పుట్టు చెవుడు గల పిల్లల పెంపకం

శిశువు జన్మించిన నాటి నుండే ఒక చెవిలో గానీ, రెండు చెవులలో గానీ వినికిడి తగ్గి ఉండడాన్ని లేదా పూర్తిగా లేకపోవడాన్ని పుట్టు చెవుడు అంటారు. ప్రపంచవ్యాప్తంగా ప్రతి 1000 మంది నవజాత శిశువులలో 1 నుండి 3 వరకు ఈ లోపంతో పుడుతున్నారు. వీరిలో చాలామందికి నోటిలో గానీ, గొంతులో గానీ ఏ లోపమూ ఉండదు. మాట వినపడకపోవడం వల్లనే మాట రాదు. మొదటి మూడు నాలుగేళ్ళలో మెదడు భాషను అతి సులభంగా గ్రహిస్తుంది. ఆ కాలంలో బిడ్డకు మాట ద్వారా గానీ, సంజ్ఞల ద్వారా గానీ ఒక భాష అందడమే పెంపకంలో ముఖ్యమైన విషయం. ఈ వ్యాసంలో నెల్లూరు తీర ప్రాంతపు పరిస్థితులతో కలిపి ఈ విషయం వివరించబడినది.

కారణాలు

పుట్టు చెవుడులో సుమారు సగం, అంతకంటే ఎక్కువ భాగం జన్యు కారణాల వల్ల వస్తుంది. వీటిలో ముఖ్యమైనది జీజేబీ2 అనే జన్యువులోని మార్పు. ఈ జన్యువు కనెక్సిన్ 26 అనే ప్రోటీనును తయారు చేస్తుంది. ఇది లోపిస్తే లోపలి చెవిలోని కర్ణావర్తం (కాక్లియా) సరిగా పనిచేయదు. తల్లిదండ్రులిద్దరికీ వినికిడి బాగానే ఉండి, ఇద్దరిలోనూ ఒక్కొక్క లోపభూయిష్టమైన ప్రతి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో, అక్క కూతురిని చేసుకునే సంబంధాలలో భార్యాభర్తలిద్దరికీ ఒకే పూర్వీకుని నుండి ఈ ప్రతి సంక్రమించే వీలు ఎక్కువ. అయితే దగ్గరి సంబంధం లేని దంపతులకు కూడా ఇటువంటి పిల్లలు పుట్టవచ్చును. కనుక తల్లిని నిందించడం అర్థరహితం.

గర్భిణికి రుబెల్లా లేదా సైటోమెగాలో వైరస్ సోకడం, నెలలు నిండక ముందే పుట్టడం, తీవ్రమైన పచ్చకామెర్లు ఇతర కారణాలు. ఆంధ్ర ప్రదేశ్‌లో 2017లో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం ప్రారంభమైనది.

గుర్తించడం

చెవిటి శిశువు కూడా మొదటి నెలలలో ఇతర శిశువుల వలెనే ఊ కొడుతుంది, నవ్వుతుంది. పళ్ళెం నేలపై పడితే ఆ అదురుకు ఉలిక్కిపడుతుంది. తలుపు తెరిస్తే వెలుతురు మారడం చూసి తల తిప్పుతుంది. అందువలన ఇంట్లో చప్పట్లు కొట్టి చేసే పరీక్షలు నమ్మదగినవి కావు. "తండ్రికి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఎదురుచూడడం వల్ల విలువైన కాలం గడిచిపోతుంది.

ఓ.ఎ.ఇ. అనే పరీక్షలో శిశువు చెవిలో చిన్న గొట్టం ఉంచి కర్ణావర్తం ప్రతిస్పందనను కొలుస్తారు. బెరా పరీక్షలో శ్రవణ నాడి నుండి మెదడుకు సంకేతం చేరుతున్నదో లేదో తెలుసుకుంటారు. రెండూ నొప్పి లేనివి, శిశువు నిద్రలో ఉండగానే చేయదగినవి. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలుపెట్టడం అనే 1-3-6 నియమం అనేక దేశాలలో పాటించబడుతున్నది. భారతదేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే లోపాలలో పుట్టు చెవుడు కూడా ఒకటి.

శ్రవణ సాధనాలు

వినికిడి కొంత మిగిలి ఉన్న పిల్లలకు చెవి మిషను (శ్రవణ యంత్రం) అమరుస్తారు. బిడ్డ ఎదిగే కొద్దీ చెవి అచ్చును మార్చవలసి ఉంటుంది. దీనితో ప్రయోజనం లేనంత తీవ్రమైన చెవుడు ఉన్నవారికి కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేస్తారు. లోపల అమర్చిన ఎలక్ట్రోడు కర్ణావర్తంలోని దెబ్బతిన్న కణాలను దాటి నేరుగా శ్రవణ నాడికి సంకేతాలను పంపుతుంది. శస్త్రచికిత్సతోనే మాటలు రావు. ఆ తరువాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి శ్రవణ శిక్షణ అవసరం. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో ఈ చికిత్స చేర్చబడినది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఆ పథకం పేరు 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారినది.

తీర ప్రాంతంలో జాగ్రత్తలు

తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం వంటి తీర గ్రామాలలో ఉప్పుగాలి, చెమట, ఇసుక ఈ సాధనాలకు ప్రధాన శత్రువులు. తేమ వల్ల బ్యాటరీ కొనలు తుప్పు పట్టి శబ్దం తగ్గిపోతుంది. మిషను ఆగిపోయిన సంగతి చిన్న బిడ్డ చెప్పలేడు. అందువలన ప్రతి ఉదయం పెద్దలు దానిని పరీక్షించాలి. రాత్రి బ్యాటరీ అర తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత బిగువైన డబ్బాలో ఉంచాలి. జెల్ రంగు మారినపుడు దానిని మార్చాలి. గాలి హోరు, పడవ ఇంజను శబ్దం మైకులో చేరి మాటను కప్పివేస్తాయి. కనుక భాషాభ్యాసానికి ఇంటి లోపలి నిశ్శబ్ద స్థలం మేలు.

నెల్లూరు తీరానికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం ఉంటుంది. 2004 డిసెంబరు సునామీ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను ఈ తీరాన్ని తాకాయి. మైకులో చేసే హెచ్చరిక నిద్రలో మిషను తీసివేసిన బిడ్డకు వినపడదు. బిడ్డను తట్టి లేపి వెంట తీసుకువెళ్ళే బాధ్యత ఎవరిదో కుటుంబం ముందుగానే నిర్ణయించుకోవాలి. బ్యాటరీలు, ఆరబెట్టే డబ్బా నీరు చొరని సంచిలో సిద్ధంగా ఉంచుకోవాలి.

భాష నేర్పడం

బిడ్డ ఎదుట కూర్చొని, ముఖంపై వెలుతురు పడేటట్లు, సహజమైన వేగంతో మాట్లాడాలి. స్నానం, అన్నం, వల బాగుచేయడం, చేపలు ఎండబెట్టడం వంటి నిత్యకృత్యాలలో వస్తువును చూపి పేరు చెప్పడం మంచి పాఠం. పెదవుల కదలికపైనే ఆధారపడడం సాధ్యం కాదు. పాట, బాట, మాట అనే మూడు పదాలు పెదవులపై ఒకే విధంగా కనిపిస్తాయి. ఇంటికి, ఇంటిలో, ఇంటితో అనే రూపాల భేదం పదం చివర ఉన్నందున తేలికగా జారిపోతుంది. వీటిని పూర్తి వాక్యాలలో పదేపదే వినిపించాలి. తీరంలోని పట్టపు మత్స్యకారులలో ఇంటిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడడం మంచిది.

సంజ్ఞా భాష నేర్పితే మాటలు రావనే అభిప్రాయం సరియైనది కాదు. భారతీయ సంజ్ఞా భాష స్వంత వ్యాకరణం గల పూర్తి భాష. దీని పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో స్థాపించబడినది. బిడ్డతో పాటు తల్లిదండ్రులు, తోబుట్టువులు, అవ్వాతాతలు కూడా సంజ్ఞలు నేర్చుకున్నప్పుడే ఇంటి సంభాషణలో బిడ్డకు చోటు దొరుకుతుంది.

విద్య, హక్కులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 70 డెసిబెళ్ళ వినికిడి లోపం ఉంటే చెవుడుగాను, 60 నుండి 70 వరకు ఉంటే పాక్షిక చెవుడుగాను పరిగణిస్తారు. 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. సదరం ధ్రువపత్రం ఆధారంగా ప్రభుత్వ సహాయం లభిస్తుంది. మండలాలలోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు శిక్షణనిస్తాయి. నెల్లూరులో దివ్యాంగుల కొరకు కేంద్ర ప్రభుత్వపు సంయుక్త ప్రాంతీయ కేంద్రం (సి.ఆర్.సి.) ఉన్నది. తరగతిలో ఇటువంటి విద్యార్థిని ముందు వరుసలో కూర్చోబెట్టడం, ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడకపోవడం ఖర్చు లేని సహాయాలు.