పొడి గుడ్డతోని రుద్దకుండ్రి

మా ముదిగొండ దిక్కు గ్రానైట్ దుమ్ము ఎక్కువ. పొద్దుగాల లేచి కారును పొడి గుడ్డతోని రుద్దేటోళ్లను చూస్తే నాకు పానం ఉసూరుమంటది. గ్రానైట్‌ల ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. రంగు మీది పల్చటి పొర దాని ముందట ఆగుతదా? గీతలు పడుడు ఖాయం. ముందుగాల నీళ్లు పోసి దుమ్ము జారనియ్యాలె. నేనైతే రెండు బకెట్లు పెట్టుకుంట: ఒకదాంట్ల షాంపూ, ఇంకోటి గుడ్డ జాడిచ్చెతందుకు. పైనుంచి కిందికి రావాలె, చక్రాలు ఆఖరుకు, వేరే గుడ్డతోని. బట్టల సర్ఫు వద్దు, మెరుపు మైనం పోతది. బోరు నీళ్లు ఎండకు ఆరితే తెల్ల మచ్చలు పడ్తయి; నీడకు కడిగి ఎంటనే తుడవాలె.

కొందరికి బకెట్లు ఆనవు, నల్లాకు పైపు తగిలిస్తరు. 2024 మార్చిల బెంగళూరు జలమండలి తాగునీళ్లతోని కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నది. మనకాడ ఎండాకాలం వాడ చివరి ఇంటి బిందె నిండకపోతే ఆ జరిమానా ఎవలు కడ్తున్నట్టు?