సీఎస్‌ఈ చదువుకు ల్యాప్‌టాప్: ముందు ర్యామ్‌ చూడండి

గుంటూరు: బీటెక్‌ సీఎస్‌ఈలో చేరగానే అప్పు చేసైనా గేమింగ్‌ ల్యాప్‌టాప్‌ కొనాలని కొందరు తల్లిదండ్రులు భావిస్తారు. మొదటి ఏడాదికి అది అనవసరం. సీ, పైథాన్‌ ప్రోగ్రాములకు 8 జీబీ ర్యామ్‌ చాలు. తర్వాత ఆండ్రాయిడ్‌ స్టూడియోను ఎమ్యులేటర్‌తో సాఫీగా నడపాలంటే మాత్రం 16 జీబీ ఉండాలి. పలుచని మోడళ్లు అనేకం ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డరింగ్‌ చేసి వస్తున్నాయి. వాటిలో తర్వాత పెంచుకునే వీలుండదు. దుకాణంలో ముందుగానే అడిగి తెలుసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉంటే మేలు.

ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి పనిచేస్తే మెడనొప్పి తప్పదు. తెర పైఅంచు కంటి ఎత్తుకు వచ్చేలా ల్యాప్‌టాప్‌ను బల్లపై ఎత్తుగా అమర్చి, విడి కీబోర్డు, మౌస్‌ వాడాలి. ఎత్తుకు స్టాండే కొననక్కర్లేదు, ఈఏపీసెట్‌ కోసం కొన్న లావుపాటి పుస్తకాలు సరిపోతాయి.