యంత్రముల సంభాషణకు వ్యాకరణము

దూరముననున్న రెండు కంప్యూటరులు మాటలాడుకొనునపుడు ముందెవరు పలుకవలెను, బదులు రానిచో నేమి చేయవలెను అను నియమములుండవలెను. అట్టి నియమావళికి ప్రోటోకాల్ అని పేరు. దానిని సందేహమునకు తావులేకుండ వ్రాయుట యెట్లను విషయమును మా విద్యార్థుల కొఱకు సంగ్రహముగ వివరించుచున్నాము.

ముక్త్యాలనుండి కృష్ణకావల పల్నాటి గట్టుననున్న మిత్రునికి పడవలపై ఉత్తరములు పంపుచున్నామనుకొందము. కొన్ని నీటిపాలు కావచ్చును. కావున అందినదని యతడు చీటి పంపవలెను. చీటి రానియెడల మనము అదే యుత్తరమును మఱల పంపుదుము. కాని యుత్తరము చేరి చీటి మాత్రమే పోయెనేని? రెండవమారు చేరినదానిని మిత్రుడు క్రొత్తదని తలచును. పది బస్తాల ధాన్యము కోరినచో ఇరువది బస్తాలు పంపును!

1969లో ఇంగ్లాండు జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన బార్ట్‌లెట్, స్కాంటిల్‌బరీ, విల్కిన్సన్ అను మువ్వురు దీనికి సులభోపాయమును ప్రకటించిరి. ఉత్తరములపై 0, 1 అను గుర్తులను మార్చి మార్చి వేయవలెను. చీటిపైనను అదే గుర్తుండవలెను. చీటి వచ్చువరకు తరువాతి యుత్తరము పంపరాదు. వరుసగ రెండుమార్లు ఒకే గుర్తు వచ్చినచో రెండవది పాతదే. అయితే ఒక పడవ మఱియొక పడవను దాటిపోనంతవరకే యీ యుపాయము చెల్లును. ఈ నిబంధనను వ్రాయ మఱచినచో నియమావళి లోపభూయిష్ఠమగును.

ఇట్టి నియమములను ఏ భాషలో వ్రాయవలెను? చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును సూత్రములుగ వెలయించినట్లే, 1960లో ఆల్గాల్ అను కంప్యూటరు భాషకు వ్యాకరణము సూత్రరూపమున ప్రకటింపబడెను. కాని వ్యాకరణము వాక్యము ఒప్పో తప్పో చెప్పునే గాని, ఇరువురి సంభాషణ చక్కగ ముగియునో లేదో చెప్పజాలదు. ఇందుకై 1978లో హోర్ అను ఆంగ్ల పండితుడు సంభాషించు యంత్రముల నడతను గణితమువలె వ్రాయదగిన భాష నొకదానిని కల్పించెను.

ఆ సంవత్సరముననే నీడ్‌హామ్, ష్రోడర్ అనువారు, దూరస్థులిద్దరు రహస్యలిపి సాయమున ఒకరినొకరు గుర్తుపట్టుటకు నియమావళిని ప్రకటించిరి. దాని సారము మూడే సందేశములు. అయినను 17 సంవత్సరముల పిమ్మట, 1995లో, గావిన్ లోవ్ అను శాస్త్రజ్ఞుడు అందు దోషమును చూపెను. ఒకడు తెలియక మోసగానితో సంభాషణ మొదలిడినచో, ఆ మోసగాడు వాని పేరు ధరించి మఱియొకని వంచింపగలడు. మరుసటియేడు లోవ్ హోరుగారి భాషలో నియమములను వ్రాసి, ఒక చిన్న యుదాహరణమున సంభవించు మార్గములనెల్ల యంత్రముచేతనే వెదకించి, ఆ దోషము బయల్పడుటను చూపెను. రెండవ సందేశమున పంపువాని పేరు చేర్చుటతోనే యది తొలగిపోయెను.

నేడు మన సొమ్మును, రోగుల వివరములును యంత్రముల నడుమ సంచరించుచున్నవి. కావుననే రహస్యరక్షణకై 2018లో వెలువడిన టీ.ఎల్.ఎస్. 1.3 అను నియమావళిని ప్రకటనకు ముందే ఇట్టి పద్ధతులతో పరీక్షించిరి. విద్యార్థులారా! మనసున ననుకొని కాగితముపై పెట్టని నిబంధనయే అనర్థమునకు మూలము. లెక్క చేయునపుడైనను, ఒడంబడిక వ్రాయునపుడైనను దీనిని మఱవకుడు.