ధ్రువ జ్యోతి త్వరణ ప్రాంతం

ధ్రువ జ్యోతులు లేదా అరోరాలు వెలిగే చోటికి చాలా పైన, భూమి నుండి సుమారు 3,000 – 12,000 కిలోమీటర్ల ఎత్తులో, ఎలక్ట్రాన్లు వేగం పుంజుకొనే అంతరిక్ష భాగాన్ని ధ్రువ జ్యోతి త్వరణ ప్రాంతం అంటారు. బలమైన విద్యుత్ క్షేత్రాలు, పలు రకాల ప్లాస్మా తరంగాలు ఈ ప్రాంతపు ముఖ్య లక్షణాలు.

కంటికి కనిపించే వెలుగు 100 నుండి 300 కి.మీ. ఎత్తులో పుడుతుంది. పైనుండి వచ్చే ఎలక్ట్రాన్లు అక్కడి ఆక్సిజన్, నైట్రోజన్లను ఢీకొనడమే దీనికి కారణం. ఈ ఎలక్ట్రాన్లకు సాధారణంగా 1,000 నుండి 10,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. దూరపు అయస్కాంతావరణంలో బయలుదేరినపుడు వాటిలో చాలావాటికి ఇంత శక్తి లేదు. మరి ఆ మిగిలిన శక్తి దారిలో ఎలా లభించింది?

వివాదం

ప్లాస్మా మంచి విద్యుద్వాహకం. అయస్కాంత బలరేఖల వెంబడి ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదలగలవు కనుక, ఆ దిశలో విద్యుత్ క్షేత్రం ఏర్పడినా అవి వెంటనే దానిని రద్దు చేస్తాయని చాలామంది శాస్త్రవేత్తలు భావించారు. స్వీడన్‌కు చెందిన హాన్నెస్ ఆల్ఫ్వెన్ 1958లో ఇందుకు భిన్నంగా, అటువంటి క్షేత్రం నిలవగలదనీ, అదే ఎలక్ట్రాన్లను క్రిందికి నెడుతుందనీ ప్రతిపాదించాడు. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి లభించినా, ఈ ప్రతిపాదనకు మాత్రం అప్పటికి తగిన ఆదరణ లభించలేదు.

1976లో అమెరికా ప్రయోగించిన ఎస్3-3 ఉపగ్రహం సుమారు 8,000 కి.మీ. ఎత్తు వరకు తిరుగుతూ, మీటరుకు వందల మిల్లీవోల్టుల క్షేత్రాలను నమోదు చేసింది. క్రింద అయనావరణంలో ఇది సాధారణంగా పదుల మిల్లీవోల్టులే. పైకి ఎగసిపోతున్న అయాన్ల పుంజాలను కూడా ఆ ఉపగ్రహం కనుగొన్నది. ఎలక్ట్రాన్లను క్రిందికి నెట్టే క్షేత్రం ధనావేశం గల అయాన్లను పైకే నెట్టాలి కదా. ఈ రెండవ సాక్ష్యమే ఆల్ఫ్వెన్ వాదానికి ఎక్కువ బలమిచ్చిందని చెప్పవచ్చు.

కొలిచే విధానం

ఉపగ్రహం నుండి పొడవైన తీగల చివర రెండు లోహపు గోళాలను చాచి, వాటి మధ్య వోల్టేజి తేడాను దూరంతో భాగిస్తారు. వినడానికి ఇది సులువే. కాని సెకనుకు 7 కి.మీ. వేగంతో 30,000 నానోటెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా దాటే ఉపగ్రహానికి, ఆ కదలిక వల్లనే మీటరుకు 0.2 వోల్టు క్షేత్రం కనిపిస్తుంది. కొలవదలచిన దానికంటే ఇదే ఎక్కువగా ఉండవచ్చు. దీనిని కచ్చితంగా లెక్కగట్టి తీసివేయాలి.

తరంగాలు

ఈ ప్రాంతం నుండి సుమారు 50 – 500 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో రేడియో తరంగాలు వెలువడతాయి. బలంగా ఉన్నపుడు వీటి శక్తి 100 కోట్ల వాట్లకు చేరుతుంది. అయనావరణం అడ్డుకోవడం వలన ఇవి నేలకు చేరవు; అందుకే ఉపగ్రహాలు వచ్చేవరకు ఎవరికీ తెలియలేదు. ఎత్తు పెరిగేకొద్దీ అయస్కాంత క్షేత్రంతో పాటు ఈ పౌనఃపున్యమూ తగ్గుతుంది కనుక, దూరం నుండి విన్నా అవి ఏ ఎత్తులో పుట్టాయో అంచనా వేయవచ్చు. గురు, శని గ్రహాల నుండి కూడా ఇటువంటి తరంగాలు వస్తాయి.

1996 ఆగస్టు 21న నాసా ప్రయోగించిన ఫాస్ట్ ఉపగ్రహం 2009 వరకు పనిచేసి, ఈ ప్రాంతాన్ని అతి సూక్ష్మంగా పరిశీలించింది. జ్యోతి పక్కనే విద్యుత్ ప్రవాహం క్రిందికి దిగే చోట ఎలక్ట్రాన్లు పైకి దూసుకుపోతున్నాయని చూపింది.

అయితే అన్ని జ్యోతులకూ నిలకడైన క్షేత్రమే కారణం కాదు. అయస్కాంత రేఖల వెంట ప్రయాణించే ఆల్ఫ్వెన్ తరంగాలు (వీటిని కూడా ఆయనే 1942లో ఊహించాడు) తమతో దాదాపు సమాన వేగంలో ఉన్న ఎలక్ట్రాన్లను, సముద్రపు అల పలకను మోసుకుపోయినట్లు, ముందుకు తోస్తాయి. ఈ శక్తి బదిలీని 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రయోగశాలలో, 20 మీటర్ల పొడవైన ప్లాస్మా యంత్రంలో నేరుగా కొలిచారు.