నేల తడి చూసి మోటర్ నడిపే డబ్బా: గుజరాతీ గల్లీ నుంచి మా బోరు దాకా



పోయిన వీడియోలో మా బోరు స్టార్టర్ పక్కన గోడకు బిగించిన చిన్న డబ్బా చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, అది ఆటో స్టార్టరా?" అని. కాదు. అదేంటో, ఎట్ల పనిచేస్తుందో, దాంతో నేను ఎక్కడ దెబ్బతిన్నానో ఈసారి చెప్తాను. డబ్బా విప్పి లోపల వైర్లు చూపించింది పై వీడియోలో ఉంది.

ఆటో స్టార్టర్‌కు తెలియనిది

మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు కరెంటు విడతలుగా వచ్చేది. రాత్రి ఏ రెండింటికో వస్తే నాయన టార్చిలైటు పట్టుకుని బోరు కాడికి పోయేవాడు. పాములు, తేళ్లు, తడి నేల మీద షాకు భయం. అందుకే అందరం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటర్ దానంతట అదే నడుస్తుంది.

కరెంటు 24 గంటలు ఉన్నప్పుడు అదే ముప్పు అయింది. మోటర్ ఆగదు, నీళ్లు పారుతూనే ఉంటాయి, బోర్లు ఎండుతాయి. అందుకే ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను అడిగింది. మేమూ తీసేశాం.

ఆటో స్టార్టర్‌కు కరెంటు ఉందా లేదా అన్నదే తెలుసు. నేలలో తడి ఉందా అన్నది తెలియదు. మన సహజ సాగులో అసలు చూడాల్సింది తడినే కదా. వాఫసా అంటే మట్టి రేణువుల మధ్య నీటి ఆవిరి, గాలి రెండూ ఉండాలి. మడి నిండా నీళ్లు నిలబెడితే గాలి పోతుంది, వేర్లు, వానపాములు ఊపిరాడక పోతాయి.

గుజరాతీ గల్లీలో మొదలు

మీర్ ఆలం మండికి కూరగాయలు తెచ్చిన రోజు నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్ మీదుగా కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలన్నీ అక్కడే. ఒక దుకాణంలో పెద్దాయన, "పహలే బోలో భాయ్, దాంతో ఏం పని చేయించాలి?" అన్నాడు. మంచి ప్రశ్న. మైక్రోకంట్రోలర్ అంటే ఒకటే పని చెప్పి పెట్టుకునే జీతగాడు లాంటిది. వేలెడంత చిప్పులో చిన్న కంప్యూటర్. నేను తెచ్చుకున్న ఆర్డ్వీనో నానోలో ఉండేది ఏటిమెగా 328 చిప్పు. దాని ప్రోగ్రామ్ మెమరీ 32 కిలోబైట్లే. మన ఫోన్ ముందు అదెంత? కానీ సెన్సార్ అంకె చదివి, రిలేను ఆన్ ఆఫ్ చేయడానికి అది ఎక్కువే.

ఆర్డ్వీనో 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది. డిజైన్ దాచిపెట్టలేదు. ఎవరైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

మన హైదరాబాద్ హ్యామ్‌ల పని

"ఇవన్నీ ఇంజనీర్లకే" అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. బంజారాహిల్స్‌లోని లామకాన్ పేరుతో ఒక హ్యామ్ రేడియో క్లబ్ ఉంది, లామకాన్ అమెచ్యూర్ రేడియో క్లబ్. సరదాగా రేడియోలు చేసుకునేవాళ్ల గుంపు. లామకాన్ మొదలుపెట్టిన వారిలో ఒకరైన అష్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే రేడియో డిజైన్ చేశారు. మామూలు దుకాణాల్లో దొరికే సామానుతోనే చేయాలని ఆయన పట్టు. ఒక కాయిల్ చుట్టడానికి నల్లా వాషర్ వాడారు!

తర్వాత వచ్చిన బిట్‌ఎక్స్ 40లో ఫ్రీక్వెన్సీని సరిచూసే పని ఆర్డ్వీనో నానోకే అప్పజెప్పారు. దానికి రాడ్వీనో అని పేరు. దాని కాయిల్స్‌ను ఆడవాళ్ల బృందం చేత్తో చుట్టింది. సర్క్యూట్, ప్రోగ్రామ్ రెండూ అందరికీ తెరిచే ఉంచారు. ప్రపంచమంతా హ్యామ్‌లు దాన్ని చేసుకుని, మార్చి, బాగు చేసి మళ్లీ పంచుకున్నారు.

మనం దేశీ విత్తనం పంచుకునే తీరు ఇదే కదా. ఇచ్చినవాడికి తరగదు, తీసుకున్నవాడు తన నేలకు తగ్గట్టు ఎంచుకుంటాడు. నేను ఎలక్ట్రానిక్స్ చదవలేదు, నాది వ్యవసాయ డిప్లొమా. ఎవరో ఇట్ల తెరిచి పెట్టిన ప్రోగ్రామ్ తీసుకునే నా డబ్బా చేసుకున్నాను.

నేను చేసిన తప్పు

మొదట రెండు కాళ్ల చౌక సెన్సార్ కొన్నాను. అది మట్టిలో కరెంటు ఎంత సులువుగా పోతుందో కొలుస్తుంది. టమాట మడిలో పెట్టాను. జీవామృతం పారించిన తర్వాత సెన్సార్ "తడి ఉంది" అంటూనే ఉంది. నేనూ నమ్మి ఇంకో పని మీద ఊరికి పోయాను. వచ్చేసరికి నాలుగు సాళ్ల టమాట వాడి తలలు వేలాడేసింది. పూత రాలింది.

కారణం తర్వాత తెలిసింది. ఆవు మూత్రంలో లవణాలు ఉంటాయి. లవణం ఉంటే తడి తక్కువైనా కరెంటు బాగా పారుతుంది. సెన్సార్ దాన్నే తడి అనుకుంది. పైగా కొన్ని వారాల్లోనే దాని కాళ్లు తుప్పు పట్టి తినేసుకుపోయాయి. నాయన ఏమీ అనలేదు, పిడికెడు మట్టి తీసి పిసికి చూపించాడు. ముద్ద కట్టలేదు. ఆ పిడికిలి నేను ముందే పట్టి చూడాల్సింది.

ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి

1. కెపాసిటివ్ సెన్సార్ వాడుతున్నాను. లోహం మట్టికి తగలదు, లవణాల ప్రభావం తక్కువ. దాని అంచులకు, పైన సర్క్యూట్ భాగానికి ఎపాక్సీ పూశాను, లేకపోతే తడి లోపలికి పోతుంది.

2. మన మట్టితోనే లెక్క కట్టాలి. ఒక డబ్బాలో బాగా ఎండిన మట్టి, ఇంకో డబ్బాలో నీళ్లు పోసి రాత్రంతా వడకట్టిన మట్టి. రెండిట్లో సెన్సార్ అంకె రాసుకోవాలి. దీంట్లో తడి పెరిగితే అంకె తగ్గుతుంది. మాది ఎర్ర చెల్క. నల్లరేగడికి అంకెలు వేరే వస్తాయి, నావి వాడొద్దు.

3. సెన్సార్‌ను వేర్లు ఉండే లోతులో, మొక్కకు కాస్త దూరంగా పెట్టాలి. ఒకటి కాకుండా రెండు చోట్ల.

4. మోటర్ మొదలయ్యే అంకె, ఆగే అంకె వేరువేరుగా ఉండాలి. ఒకటే పెడితే మోటర్ నిమిషానికోసారి ఆన్ ఆఫ్ అయి కాలిపోతుంది. సెన్సార్ ఏం చెప్పినా ఇంత సేపటికి ఆగాల్సిందే అన్న గడువు కూడా ప్రోగ్రామ్‌లో పెట్టాను.

ఇది మాత్రం మరవొద్దు

చిన్న రిలేతో మోటర్‌ను నేరుగా నడపకూడదు. రిలే స్టార్టర్‌లోని కాయిల్‌ను మాత్రమే నడపాలి. త్రీ ఫేజ్ వైరింగ్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఓవర్‌లోడ్ రిలే, డ్రై రన్ రక్షణ తీసేయొద్దు. చేత్తో ఆపే స్విచ్ ఎప్పుడూ ఉండాలి.

డబ్బా పెట్టిన తర్వాత కూడా నాయన పొద్దున్నే మడిలోకి పోయి పిడికెడు మట్టి పిసికి చూస్తాడు. నేనూ అంతే. అంకె, పిడికిలి ఒకటే మాట చెప్తే ఆ రోజు బోరు జోలికి పోము. తేడా వస్తే ముందు పిడికిలినే నమ్ముతాం, తర్వాత సెన్సార్ తీసి చూస్తాం.

మల్చింగ్ వేసిన మడిలో, వేయని మడిలో అంకెలు ఎట్ల మారుతున్నాయో రాసుకుంటున్నాను. అది వచ్చే వీడియోలో చూపిస్తాను. ఉంటాను మరి.